మందం ఎంతో కూడా బిల్లులో రాయండి

బంగారు నగ కొంటే చేతికొచ్చే బిల్లులో మనం చూసుకునేవి రెండే: బరువెంత, క్యారెట్ ఎంత. కుంపటి మీద కరిగించి, కమ్మీ లాగి, రేకు కొట్టి, అతికి చేసిన నగకు ఆ రెండూ దాదాపు సరిపోతాయి. అక్కడ రేకు మరీ పల్చగా ఉంటే చేత్తో పట్టుకోగానే తెలిసిపోతుంది, చేసేవాడి సుత్తి కిందే అది చిరిగిపోతుంది కూడా. ఎలక్ట్రోఫార్మింగ్ నగకు, అంటే కరెంటుతో బంగారాన్ని పొరగా పెంచి చేసే డొల్ల నగకు మాత్రం ఆ రెండు అంకెలు చాలవు. మూడోది కావాలి. గోడ మందం ఎంత, అదీ అన్నిటికంటే పల్చగా ఉన్న చోట ఎంత? ఈ మాట మా ప్రొద్దుటూరు అంగళ్లలో చెబుతూనే ఉన్నా. ఇది ఒక్క అంగడితో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

నేను ప్రొద్దుటూరులో ప్లేటింగ్ పని చేస్తా. రోడియం, గోల్డ్ పాలిష్, కొంతకాలంగా ఎలక్ట్రోఫార్మింగ్ జాబ్ వర్క్. మా నాన్న కుంపటి ముందు కూర్చుని నగలు చేసిన మనిషి. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ట్యాంకుల వైపు వచ్చా. రెండు పనులనూ దగ్గరి నుంచి చూసినవాణ్ణి కాబట్టి రెండిటి మీదా నాకు గౌరవం ఉంది, ఈ రాసేదంతా ఆ గౌరవంతోనే రాస్తున్నా.

ముందు ఇదేమిటో తెలియని వాళ్ల కోసం. ప్లేటింగ్ అందరికీ తెలుసు. రాగి నగ మీదో వెండి నగ మీదో బంగారం పూత వేస్తాం, ఆ పూత అర మైక్రాను, ఒక మైక్రాను, ఎక్కువంటే కొన్ని మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కింద ఉన్న లోహమే అసలు నగ. ఎలక్ట్రోఫార్మింగ్‌లో అదే పూతను ఆపకుండా గంటల తరబడి పెంచుతారు, వంద, నూటయాభై, రెండొందల మైక్రాన్ల దాకా. తర్వాత లోపలి అచ్చును తీసేస్తారు. మిగిలిన బంగారు గుల్లే నగ. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు.

పని జరిగే పద్ధతి ఇదీ. రబ్బరు డైలో మైనం పోసి వ్యాక్స్ పీసు తీస్తారు. మైనంలో కరెంటు పారదు కాబట్టి దానికి వెండి పెయింటు పూస్తారు. కాపర్ సల్ఫేటు, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన ట్యాంకులో వేలాడదీస్తే ముందు రాగి పడుతుంది. మైనాన్ని కరిగించి తీసేశాక ఆ రాగి గుల్లను నున్నగా పాలిష్ పట్టి బంగారం బాత్‌లో, అంటే బంగారం ఉప్పు కరిగిన ద్రావణంలో దించుతారు. కొందరు మైనం బదులు, తక్కువ వేడికే కరిగిపోయే బిస్మత్, తగరం కలిపిన లోహంతో అచ్చు పోసుకుంటారు. బంగారం కావాల్సినంత పట్టాక, కనపడని చోట ఒకటో రెండో సన్నటి రంధ్రాలు వేసి నైట్రిక్ యాసిడ్‌లో ఉంచితే లోపలి రాగి అంతా కరిగి రంగు నీళ్లుగా బయటికి వచ్చేస్తుంది. బంగారం అలాగే ఉంటుంది. బంగారం శుద్ధి చేసే వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మూడు పాళ్లు వెండి కలిపితే తప్ప నైట్రిక్ యాసిడ్ బంగారంలోని కల్తీని లాగలేదని వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అందుకే 18 క్యారెట్ గుల్ల కూడా ఆ యాసిడ్‌లో పెద్దగా చెక్కు చెదరదు.

ఇది నిన్నమొన్న మోసం కోసం పుట్టిన పని అనుకునే వాళ్లున్నారు. కాదు. ఓల్టా బ్యాటరీ కనిపెట్టిన కొద్ది కాలానికే, 1805లో, ఇటలీలో బ్రుగ్నతెల్లి అనే ఆయన దాంతో వెండి పతకాలకు బంగారం పూశాడు. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్జ్ యాకోబీ, పూత వేసిన రాగి పొరను అచ్చు నుంచి ఊడదీసి చూస్తే అచ్చులోని గీత గీతా దాని మీద దిగిందని చూపించాడు. అసలు ఎలక్ట్రోఫార్మింగ్ మొదలైంది అక్కడే. ఆ ఊళ్లోని సెయింట్ ఐజాక్ చర్చికి ఈ పద్ధతిలోనే శిల్పాలు చేశారు. 1840లో ఇంగ్లండులో జార్జ్ ఎల్కింగ్టన్, హెన్రీ ఎల్కింగ్టన్ సైనైడ్ బాత్‌తో బంగారం, వెండి పూయడానికి పేటెంటు తీసుకున్నారు, ఈ రోజుకీ మేం వాడే బాత్‌లో ఎక్కువ భాగం ఆ దారిలోదే. మన తాతలు విన్న గ్రామఫోన్ రికార్డులను ఒత్తే అచ్చులు కూడా ఇలా చేసినవే. మైనం మీది గాడిని పొల్లుపోకుండా లోహంలోకి దించాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. 1999లో ఐరోపా వాళ్లు అంతరిక్షంలోకి పంపిన ఎక్స్ఎంఎం-న్యూటన్ ఎక్స్‌రే టెలిస్కోపులో ఒక్కో అద్దాల గుత్తికి 58 నికెల్ గుల్లలు, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా, ఇలా కరెంటుతో పెంచినవే, వాటి లోపలి ముఖం మీద బంగారం ఉంది. ఇంత నమ్మకమైన పనిని మన దగ్గర గిల్టు పక్కన కూర్చోబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

అయితే జనం అలా కూర్చోబెట్టడానికి కారణం ఉంది. మైదుకూరు దగ్గర పల్లె నుంచి ఒకావిడ ఒక పతకం తెచ్చింది, మధ్యలో గుంట పడింది.

"చూడు నాయనా, ఇది గిల్టే కదా? చేతిలో ఉన్నట్టే లేదు."

"గిల్టు కాదు పెద్దమ్మా, బంగారమే. లోపల డొల్ల, అంతే."

"డొల్లదైతే ఆ మాట అమ్మేటప్పుడు చెప్పాల గదా!"

ఆ చివరి మాట దగ్గర నేను ఏమీ అనలేకపోయా. అమ్మినవాళ్లు ఆమెతో అబద్ధం ఆడలేదు. క్యారెట్ నిజం, బరువు నిజం, హాల్‌మార్క్ ఉంది. చెప్పిన ప్రతి మాటా నిజమే అయినా ఆమెకు తెలియాల్సిన అసలు విషయం తెలియకుండానే నగ చేతులు మారింది. మనవరాలు ఆడుకుంటూ నొక్కితే గుంట పడుతుందని ఆమెకు ముందే తెలిసుంటే, కొనేదో మానేదో, కొన్నా జాగ్రత్తగా వాడుకునేదో. ఆ నిర్ణయం ఆమెది. ఆ అవకాశం ఆమెకు ఇవ్వలేదు.

లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ పనిలో లెక్క దాచడానికి ఏమీ లేదు. సైనైడ్ బాత్‌లో ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే, వృథా లేకుంటే, 7.35 గ్రాముల బంగారం పడుతుంది. ఇది ఫారడే సూత్రం, మా ఇష్టాయిష్టాలతో మారదు. నూరు చదరపు సెంటీమీటర్లకు అర ఆంపియర్ చొప్పున పెడితే గంటకు 19 మైక్రాన్ల మందం పెరుగుతుంది, అంటే 150 మైక్రాన్లకు దాదాపు ఎనిమిది గంటలు. ఇప్పుడు 12 మిల్లీమీటర్ల గుండు ఒకటి తీసుకోండి. మేలిమి బంగారంతో గట్టిగా చేస్తే అది 17.5 గ్రాములు తూగుతుంది. 150 మైక్రాన్ల గుల్లగా చేస్తే 1.3 గ్రాములు. 100 మైక్రాన్లయితే 0.9 గ్రాము కూడా రాదు. కంటికి మూడూ ఒకటే. మన ప్రింటర్లలో పెట్టే ఏ4 కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు, అది గుర్తు పెట్టుకుంటే ఈ అంకెలు వేళ్లకు అందుతాయి.

పది గ్రాముల మేలిమి 2025లో లక్ష రూపాయలు దాటాక ఈ తేడా ఒక కుటుంబానికి ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు. పిల్ల పెళ్లికి గుండ్ల దండ కావాలి, నిండుగా కనపడాలి, చేతిలో ఉన్నది రెండు తులాలకు సరిపడా డబ్బు. అలాంటి ఇంటికి ఈ పని నిజంగా మేలు చేస్తుంది. అందుకే నేను దీన్ని వద్దనడం లేదు. కావాలనే అంటున్నా, తెలిసి కొనమంటున్నా.

ఇక్కడ ఒక చిక్కుంది, నా వాదన అంతా దాని మీదే నిలబడింది. బరువును బట్టి మందం మీరే లెక్కేసుకోండి అంటే కుదరదు. ఎందుకంటే కరెంటు నగ అంతటా సమంగా పారదు. అంచుల దగ్గర, ముక్కుల దగ్గర, పైకి పొడుచుకొచ్చిన చోట గుమిగూడుతుంది. లోతైన చోట్లకు, పువ్వు రేకుల మధ్య సందులకు, జుంకా లోపలి వంపుకు తక్కువ వెళుతుంది. దాంతో సగటున 150 మైక్రాన్లు వచ్చిన పీసులో ఒక సందు 60 దగ్గరే ఆగిపోయి, అంచు 250 దాటి ఉండొచ్చు. గుంట పడేది, చిట్లేది ఆ 60 దగ్గరే. మంచి పనివాడు కరెంటు తగ్గించి ఎక్కువసేపు ఉంచుతాడు, పీసును తిప్పుతూ ఉంటాడు, అంచుల చుట్టూ అదనంగా తీగ పెట్టి అక్కడి కరెంటును ఆ తీగ తాగేసేలా చేస్తాడు. ఆ తీగ మీద పడిన బంగారం మళ్లీ కరిగించుకోవాలి, టైం పోతుంది. తొందరపడేవాడు కరెంటు పెంచి పగలే పని ముగిస్తాడు. ఇద్దరి నగలూ ఒకే బరువు తూగుతాయి. ఒకే క్యారెట్ వస్తుంది. బిల్లులో ఇద్దరికీ తేడా ఉండదు. మంచి పనివాడికి ఇంతకంటే పెద్ద అన్యాయం ఏముంటుంది?

మిషన్ ఉంది కదా అంటారు. అంగళ్లలో పెట్టే క్యారెట్ మిషన్ ఎక్స్‌రేతో పైపైనే చూస్తుంది, బంగారంలో అది పది మైక్రాన్ల లోతు దాటి చూడడం కష్టం. కింద నూరుందా యాభై ఉందా దానికి తెలియదు. హాల్‌మార్క్ సంగతీ అంతే. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద వేసే ఆరు అక్షరాల గుర్తింపు నంబరు (హెచ్‌యూఐడీ) లేకుండా అమ్మకూడదన్నారు. చాలా మంచి పని. దానివల్ల పల్లెల్లో క్యారెట్ మోసం ఎంత తగ్గిందో నేను చూస్తున్నా. కానీ అది చెప్పేది స్వచ్ఛత గురించి. గోడ బలం గురించి చెప్పడం దాని పని కాదు.

మందం రాసే అలవాటు ప్రపంచంలో లేనిదేమీ కాదు. వాచీల వాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. పాత స్విస్ వాచీలు రిపేరుకు వస్తే వెనక మూత తిప్పి చూడండి, బంగారు పూత 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని చెక్కి ఉంటుంది. అంతకు ముందు అమెరికాలో, బంగారు రేకు వేరే లోహం మీద అతికిన జేబు గడియారాల కేసుల మీద ఇరవై ఏళ్లు, ఇరవై అయిదేళ్లు అని గ్యారంటీ కొట్టేవాళ్లు. రేకు మందాన్ని బట్టే ఆ ఏళ్లు. కొనేవాడు మైక్రాన్ అంటే ఏమిటో తెలియకపోయినా ఇరవై ఏళ్లు అంటే తెలుసుకున్నాడు. రోజూ చేతికి ఉండే వస్తువు, చొక్కా కఫ్‌కు రాసుకునే వస్తువు, బంగారం ఎంత మందం ఉంటే అన్నాళ్లు నిలుస్తుందని వాళ్లు ఒప్పుకుని రాశారు. పూతకే అంత నిజాయితీగా రాయగలిగినప్పుడు, బంగారమే గోడగా నిలబడే నగకు రాయలేమా?

వాచీ కేసు మాట వచ్చింది కాబట్టి ఒక మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పని ఎంత నాజూకో అది చూస్తే అర్థమవుతుంది. మన వైపు పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం ఇప్పటికీ ఉంది. బంగారు కేసు కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు, గట్టి 18 క్యారెట్ కేసు ధర వినగానే వెనక్కి తగ్గుతారు. గుల్ల కేసు చేయొచ్చా అని నన్ను అడిగారు. చేయొచ్చు. అచ్చుకు ఆనుకున్న ముఖం అచ్చు ఎంత కచ్చితంగా ఉంటే అంత కచ్చితంగా వస్తుంది, బయటి ముఖమే మందంతో పాటు పెరుగుతుంది. వాచీ మిషన్ కూర్చునే చోటు, అద్దం కూర్చునే గాడి, రెండూ లోపలి వైపే కాబట్టి కొలతలు చక్కగా కుదురుతాయి. కష్టమంతా పట్టీ తగిలించే కొమ్ముల దగ్గర. కొమ్ము మొదట్లో లోపలి మూలకు కరెంటు సరిగా అందదు, బలం ఎక్కువ కావాల్సింది అక్కడే. పట్టీ పుల్ల దిగే రంధ్రం పల్చటి గుల్లలో వేస్తే కొన్నాళ్లకే అది పెద్దదైపోతుంది, కాబట్టి అక్కడ గట్టి లోహం ముక్క అమర్చాలి. వెనక మూత మరలు కూడా గుల్లలో నిలవవు, లోపల స్టీలు రింగు పెట్టాలి. అంటే అది పూర్తి బంగారు కేసు కాదు, స్టీలు అస్థిపంజరం మీద బంగారు ఒళ్లు. అలా చెప్పి అమ్మితే అందులో ఏ తప్పూ లేదు, మంచి వస్తువు కూడా. చెప్పకపోతే, వాచీల విషయంలో కొనేవాడికి రక్ష మరీ తక్కువ. 2021లో హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు వాచీలకు, ఫౌంటెన్ పెన్నులకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు.

డొల్ల నగ మనకు కొత్తేమీ కాదని కూడా చెప్పాలి. అవ్వల కాలం నాటి వంకీలు, లావు కడియాలు, గుండ్లు చాలావరకు లోపల లక్క నింపినవే. రేకు గుంట పడకుండా లక్క లోపలి నుంచి ఆనిస్తుంది. అమ్మేటప్పుడు, కుదువ పెట్టేటప్పుడు లక్క బరువు తీసేసి లెక్క కట్టేవాళ్లు, లక్క ఉందని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. ఆ తెలియడమే ముఖ్యం. ఇప్పుడు గృహప్రవేశాలకు బహుమతిగా ఇస్తున్న వెండి విగ్రహాలు చూడండి, వాటిలో బోలెడు ఎలక్ట్రోఫార్మింగ్‌వే. పైన పల్చటి వెండి గుల్ల, లోపల రెజిన్. చెప్పి అమ్మేవాళ్లున్నారు, వాళ్లకు దణ్ణం. చెప్పనివాళ్లూ ఉన్నారు. ఆ విగ్రహాన్ని పదేళ్ల తర్వాత కరిగించడానికి తెచ్చినవాళ్ల మొహం చూస్తే తెలుస్తుంది చెప్పకపోవడం ఎంత పాపమో.

మన జిల్లాల్లో బంగారానికి అలంకారం కంటే పెద్ద పని ఒకటుంది. అనంతపురంలో వేరుశనగ విత్తనానికి, మా కడపలో బోరుకు, కర్నూలులో పిల్లవాడి కాలేజీ ఫీజుకు, బ్యాంకుకు వెళ్లేది మెడలోని నగే. అక్కడ బంగారం విలువ కట్టే అప్రైజర్ డొల్ల నగ చూసి సందేహపడతాడు. లోపల ఏముందో అతనికి తెలియదు, రాయి మీద గీయాలన్నా పల్చటి గోడను రుద్దడానికి జంకుతాడు. కొందరు వద్దని పక్కన పెట్టేస్తారు. రైతు ఇంట్లో అదే పెద్ద టెన్షన్, అవసరం వచ్చిన రోజున బంగారం బంగారంలా పనికి రాకపోవడం. నగతో పాటు ఒక కార్డు ఉండి, అందులో లోపల ఖాళీ, ఏమీ నింపలేదు, పల్చటి చోట ఇంత మందం, నికర బంగారం ఇంత అని రాసి ఉంటే ఆ అప్రైజర్‌కు కనీసం పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అంతదాకా నా సలహా ఒకటే. కుదువ కోసం దాచుకునే బంగారం గట్టి గాజుల్లోనో కాసుల్లోనో పెట్టుకోండి, పెళ్లిలో నిండుగా కనపడే నగ గుల్లది కొనుక్కోండి. రెండు పనులనూ ఒకే నగతో చేయించాలని చూడకండి.

ఇంక తరుగు. ఇది రాస్తే మా ఊళ్లో కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నా. కుంపటి పనిలో ఆకురాయి కింద, పాలిష్ దగ్గర, కరిగించినప్పుడు బంగారం కొంత పోతుంది, కాబట్టి తరుగు శాతం అనే పద్ధతి వచ్చింది. కరెంటు పనిలో బంగారం పోదు. బాత్‌లో మిగిలింది బాత్‌లోనే ఉంటుంది, తీగ మీద పడింది తిరిగి వస్తుంది, కడిగిన నీళ్లలోది కూడా పట్టుకోవచ్చు. అసలు ఖర్చు వేరే చోట ఉంది: డిజైన్, డై, బాత్ మెయింటెనెన్స్, గంటలు, మనిషి. పైగా బరువు మీద శాతం వేస్తే విడ్డూరం ఏమవుతుందో చూడండి. గోడ ఎంత మందంగా వేస్తే కొనేవాడు అంత ఎక్కువ తరుగు కట్టాలి, పల్చగా చేయడానికి పడ్డ కష్టానికి పనివాడికి తక్కువ వస్తుంది. దీన్ని సరిచేయడానికి శాతం మానేసి పీసుకు ఇంత మజూరీ అని పెట్టడం ఒక్కటే దారి అని నా అభిప్రాయం. అప్పుడు మందం ఎక్కువ కావాలని అడిగినవాడు ఆ బంగారానికి, ఆ అదనపు గంటలకు మాత్రమే డబ్బు కడతాడు.

రిపేరు గురించి చిన్న హెచ్చరిక. ఈ బాత్‌లో పెంచిన మేలిమి బంగారం, కరిగించి పోసిన మేలిమి కంటే చాలా గట్టిగా ఉండేలా చేయొచ్చు, 24 క్యారెట్ నగలు గుల్లగా నిలబడేది అందుకే. ఆ గట్టితనం వేడికి పోతుంది. మంట తగిలితే లోపలి సన్నటి రేణువులు పెద్దవై లోహం మళ్లీ మెత్తబడుతుంది. రంధ్రం మూసుకుపోయిన గుల్లను మంట కింద పెడితే లోపలి గాలి పొంగి పీసే పగలొచ్చు. కాబట్టి ఊళ్లో ఆచారి దగ్గరికి అతుకుకు తీసుకెళ్తే ఇది గుల్ల నగ అని ముందే చెప్పండి. లేజర్ వెల్డింగ్ ఉన్న చోటికి తీసుకెళ్లడం మేలు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. ఈ పని ఇళ్లలో, సందుల్లో చేయకూడదు. బంగారం బాత్‌లో వేసేది పొటాషియం గోల్డ్ సైనైడ్, నూరు గ్రాముల ఆ ఉప్పులో 68 గ్రాములు బంగారమే, మిగిలిన దాంట్లో సైనైడ్ ఉంది. బాత్‌లో దానికి తోడు విడి సైనైడ్ కూడా చాలామంది కలుపుతారు. పక్కనే రాగి ట్యాంకులో సల్ఫ్యూరిక్ యాసిడ్, ఇంకో పక్క నైట్రిక్ యాసిడ్. యాసిడ్, సైనైడ్ కలిస్తే వచ్చే గ్యాసు మనిషిని నిమిషాల్లో చంపుతుంది. నైట్రిక్ నుంచి లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, దాని దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. గాలి లాగే హుడ్, యాసిడ్‌కూ సైనైడ్‌కూ వేరే గదులు, వేరే డ్రెయిన్లు, వాడిన సైనైడ్ నీళ్లను క్షార గుణంలో ఉంచి బ్లీచింగ్‌తో విరగ్గొట్టాకే వదలడం, ఇవి లేకుండా ట్యాంకు పెట్టే హక్కు ఎవరికీ లేదు. కింద అంగడి, మీద ఇల్లు, మేడ మీద ట్యాంకు అనే పద్ధతి మన ఊళ్లో ఆగాలి.

కాడ్మియం మాట కూడా చెప్పాలి. కాడ్మియం అతుకుతో చేసిన కేడీఎం నగలు మనందరికీ తెలుసు. ఆ పొగ పీల్చి ఆరోగ్యం పోగొట్టుకున్న ఆచార్ల గురించి మా వీధిలో విననివాళ్లు లేరు. ఎలక్ట్రోఫార్మింగ్‌లో గుల్లకు అతుకే అక్కర్లేదు, ఆ రకంగా ఇది పెద్ద మేలు. కానీ వాచీ కేసుల మీద 18 క్యారెట్ పొరలు దట్టంగా వేయడానికి స్విట్జర్లాండ్‌లో చాలాకాలం వాడిన బాత్ బంగారం, రాగి, కాడ్మియం కలిసినది. రంగు బాగుంటుంది, పొర గట్టిగా వస్తుంది. 2011లో ఐరోపా యూనియన్ నగల్లో కాడ్మియం 0.01 శాతం దాటకూడదని కట్టడి చేసింది. చవగ్గా దొరుకుతుందని ఆ పాత బాత్‌ను ఎవరైనా మన దగ్గర దించితే, అతుకు నుంచి తరిమేసిన విషాన్ని ట్యాంకు దారిలో మళ్లీ లోపలికి పిలిచినట్టే. నేను ఆ బాత్ పెట్టను. మేలిమి చేస్తా, లేదంటే కాడ్మియం లేని బాత్‌తో చేస్తా.

ఈ పని వస్తే ఆచార్ల కడుపు కొడుతుందని మా బంధువుల్లోనే అంటారు. నేను అలా అనుకోను, కారణం ఉంది. ట్యాంకులో లోహం దానంతటదే పెరుగుతుంది, నిజమే, కానీ మైనం బొమ్మ ఎవరు చెక్కాలి? ఎక్కడ వంపు లోతుగా ఉంటే కరెంటు అందదో, ఎక్కడ అంచు గుండ్రంగా తిప్పాలో, లక్ష్మీదేవి ముఖంలో కన్ను ఎంత లోతు ఉండాలో చేతికి తెలిసినవాళ్లు వాళ్లే. కంప్యూటర్‌లో గీసి ప్రింట్ తీసిన డిజైన్లు వస్తున్నాయి, చూడటానికి బాగుంటాయి, ట్యాంకులో దింపితే సగం సందులు పల్చగా వస్తాయి, ఎందుకంటే గీసినవాడు లోహాన్ని ఎప్పుడూ ముట్టలేదు. పాతికేళ్లు నకాషీ చెక్కిన మనిషి పక్కన కూర్చుంటే ఆ డిజైన్ పది నిమిషాల్లో దారికొస్తుంది. అంగళ్ల వాళ్లు ఈ పని కోసం కోయంబత్తూరుకో ముంబైకో ఆర్డర్లు పంపే బదులు, మన ఊరి ఆచార్లకు మైనం పని కూలి సరిగా ఇచ్చి ఇక్కడే చేయించాలి. రెండో ముంబై అని పేరు పెట్టుకున్న ఊరికి ఇది చేతకాని పనేం కాదు.

మందం రాయమంటే అంగళ్ల యజమానులు నాకు చెప్పే అడ్డంకులు రెండు. మొదటిది, రాస్తే ఎవరూ కొనరు. నేను దీన్ని ఒప్పుకోను. అమ్మాయి పెళ్లికి 120 మైక్రాన్ల గుండ్ల దండ చాలు, రోజూ వేసుకునే గొలుసు లాకెట్‌కు 200 కావాలి అని ఎంచుకునేంత తెలివి మన ఆడవాళ్లకు ఉంది, తరుగులో అర శాతం తగ్గించడానికి గంటసేపు బేరం చేసేవాళ్లకు ఈ లెక్క అర్థం కాదా? రెండో అడ్డంకి కాస్త న్యాయమైనది. పల్చటి చోట మందం తెలియాలంటే నగను కోయాలి, కోసిన నగను ఎలా అమ్మేది? దీనికి జవాబు ప్రతి నగనూ కోయడం కాదు. ఒక బ్యాచ్‌లో ఒకే డిజైన్, ఒకే హ్యాంగర్ మీద, ఒకే కరెంటుతో, ఒకే సమయం ఉంచితే పీసులన్నీ దాదాపు ఒకేలా వస్తాయి. హ్యాంగర్‌లో కరెంటు తక్కువ అందే చోట ఉన్న పీసును ఒకదాన్ని తీసి, అడ్డంగా కోసి, పాలిష్ పట్టి మైక్రోస్కోపు కింద కొలిస్తే ఆ బ్యాచ్ మొత్తానికి తక్కువలో తక్కువ మందం తెలిసిపోతుంది. మిగిలిన వాటి బరువు ఒకదానికొకటి సరిపోతుందో లేదో చూస్తే చాలు.

ఆ కోసిన పీసులోని బంగారం ఎక్కడికీ పోదు, కరిగించి మళ్లీ బాత్ ఉప్పుకు పంపుకోవచ్చు. పోయేది ఒక్క పీసు కూలి. వచ్చే దసరా సీజన్ నుంచి నా దగ్గర చేయించే ప్రతి బ్యాచ్‌కూ ఆ కూలి నేనే భరిస్తానని, కోత ఫోటో, మైక్రాన్ల అంకె కార్డు మీద వేసి నగతో పాటు ఇస్తానని నాకు పని ఇచ్చే అంగళ్లన్నిటికీ చెప్పా. కార్డును గల్లాపెట్టెలో పెట్టుకోకుండా కొనేవాళ్ల చేతికి ఇవ్వాలి అన్నది నా ఒక్క షరతు. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగిలినవాళ్లు ఆలోచిస్తామన్నారు. మీరు కడపలోనో నంద్యాలలోనో అనంతపురంలోనో గుల్ల నగ కొనడానికి వెళితే, బరువు తూచాక, క్యారెట్ చూశాక, "పల్చటి చోట ఎన్ని మైక్రాన్లన్నా?" అని అడగండి. తెలియదంటే తెలుసుకుని చెప్పమనండి, చేసినవాడికి కచ్చితంగా తెలుసు, లేదా ఒక్క పీసు కోస్తే తెలుస్తుంది.